అలెగ్జాండ్రియాలో తోలు బకెట్ల కంపెనీలు: జీతం లేని ఫైర్‌మెన్ ఎందుకొచ్చారు, ఎందుకు పోయారు

అడిగిన ప్రశ్న: "వర్జీనియాలో మా అమ్మాయి దగ్గరికి వచ్చాం. అలెగ్జాండ్రియా పాత ఊళ్ళో తిరుగుతుంటే ఆల్ఫ్రెడ్ స్ట్రీట్‌లో ఒక చిన్న ఇటుక భవనం కనిపించింది. ఫ్రెండ్‌షిప్ ఫైర్ కంపెనీ, 1774 నుంచి ఉందట. ఫైర్ కంపెనీ అంటే ప్రైవేటు వ్యాపారమా? డబ్బు కట్టినవాళ్ళ ఇళ్ళే ఆర్పేవారా? జీతం లేకుండా పనిచేసేవారని అల్లుడు చెప్పాడు, నాకు నమ్మబుద్ధి కాలేదు. అంత బాగా నడిస్తే మరి ఎందుకు ఆగిపోయింది?"

నమస్కారం అండీ. నేను ఉత్తర వర్జీనియాలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను. పగలు సాఫ్ట్‌వేర్ పని, వారానికి ఒక రాత్రి మా కౌంటీలో ఒక ఫైర్ స్టేషన్‌లో వాలంటీర్ డ్యూటీ. మొదట్లో మా అమ్మ కూడా మీలాగే అడిగింది: "జీతం ఇవ్వరా? మరి ఎందుకురా మంటల్లోకి వెళ్ళడం?" ఆవిడకి చెప్పిన జవాబే మీకూ కాస్త వివరంగా చెప్తాను.

ముందు 'కంపెనీ' సంగతి. కుంఫిణీ వాళ్ళ కాలం నుంచీ మనకి కంపెనీ అంటే వ్యాపారమే గుర్తొస్తుంది. ఇక్కడ అది కాదు. సైన్యంలో కంపెనీ అంటారు చూడండి, ఒక దళం, అలాంటిదే ఇది కూడా. పాతిక ముప్ఫై మంది ఊరివాళ్ళు ఒక కాగితం మీద సంతకాలు పెట్టి, "ఊళ్ళో ఎవరిల్లు అంటుకున్నా అందరం పరిగెత్తుకొస్తాం" అని రాసుకున్న ఒప్పందం.

ఈ పద్ధతి అలెగ్జాండ్రియాలో పుట్టలేదు. బోస్టన్‌లో 1718లోనే ఇలాంటి సంఘం ఒకటి ఉంది. అయితే అది తమ సభ్యుల ఆస్తి కాపాడుకోవడానికి పెట్టుకున్నది. ఎవరి ఇల్లయినా సరే వెళ్ళాలన్న పద్ధతికి పేరు తెచ్చింది బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1736 డిసెంబర్ 7న ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టాడు. ముప్ఫై మందితో సరిపెట్టారు. ఆ తరువాత వచ్చినవాళ్ళని "మీరు వేరే కంపెనీ పెట్టుకోండి" అన్నారు, వాళ్ళూ పెట్టుకున్నారు. అలా ఒక్క ఊళ్ళో ఒకదాని తరువాత ఒకటి పుట్టుకొచ్చాయి. ప్రతి సభ్యుడూ తన ఇంట్లో కొన్ని తోలు బకెట్లు, గట్టి సంచులు, బుట్టలు సిద్ధంగా ఉంచుకోవాలి. నెలకోసారి కలవాలి. రాకపోతే జరిమానా. ఆ జరిమానా డబ్బుతోనే నిచ్చెనలు, ఇంజన్లు కొనేవారు. మానేసినవాడి సొమ్ముతో సామాను కొనడం, ఎంత తెలివైన ఏర్పాటో చూడండి!

సంచులెందుకు అని అడగచ్చు. ఆ రోజుల్లో అంటుకున్న ఇంటిని ఆర్పగలమన్న ఆశ పెద్దగా ఉండేది కాదు. అందుకని ఇంట్లో విలువైనవి సంచుల్లో కుక్కి బయటికి మోసుకురావడమే సగం పని. ఫైర్‌మెన్ దగ్గర 'బెడ్ కీ' అని ఒక పనిముట్టు ఉండేది, మంచాన్ని గబగబా ఊడదీయడానికి. చాలా ఇళ్ళల్లో అన్నిటికంటే ఖరీదైన వస్తువు మంచమే మరి. రెండో పని, పొడుగాటి గడకి ఇనప కొక్కెం తగిలించి, పక్కింటి కప్పుని లాగి పడేయడం. ఇది మీకు కొత్తేమీ కాదనుకుంటాను. ఎండాకాలం మన ఊళ్ళల్లో ఒక పాక అంటుకుంటే, దాన్ని వదిలేసి పక్క పాక తాటాకు పీకేస్తారు కదా. చెప్పకపోయినా అందరికీ తెలిసిన విద్య అది.

ఇక అలెగ్జాండ్రియా. 1749లో పోటోమాక్ నది ఒడ్డున పుట్టిన రేవు ఊరు. పొగాకు, తరువాత గోధుమ, పిండి ఎగుమతి. నది వెంబడి గిడ్డంగులు, చెక్క కట్టడాలు, తారు డబ్బాలు, తాళ్ళు. ఒక్క నిప్పురవ్వ చాలు. 1774 ఆగస్టులో ఫ్రెండ్‌షిప్ కంపెనీ పుట్టింది. మరుసటి ఏడాది సన్ ఫైర్ కంపెనీ. ఆ తరువాత రిలీఫ్, స్టార్. పందొమ్మిదో శతాబ్దం మధ్యకి వచ్చేసరికి కూడా ఊరి జనాభా తొమ్మిది వేలు దాటలేదు. అంత చిన్న ఊరికి అన్ని కంపెనీలు!

ఇక్కడ జార్జి వాషింగ్టన్ కథ ఒకటి తప్పకుండా వినిపిస్తారు. ఆయన ఇల్లు మౌంట్ వెర్నన్ ఇక్కడికి దగ్గరే, బజారు పనులకు ఈ ఊరికే వచ్చేవాడు. ఆయన ఫ్రెండ్‌షిప్ సభ్యుడనీ, 1775లో ఫిలడెల్ఫియాలో సొంత డబ్బుతో ఇంజన్ కొని పంపాడనీ, ముసలితనంలో గుర్రం దిగి మంటలార్పడానికి సాయం పట్టాడనీ చెప్తారు. వినడానికి బాగుంటుంది. ఆ కాలం నాటి కాగితం ఒక్కటీ దీనికి సాక్ష్యంగా లేదు. కంపెనీవాళ్ళు తరువాతి తరాల్లో తమ గొప్ప కోసం పెంచి పోషించిన కథగానే నేను చూస్తాను. మన ఊళ్ళల్లో ప్రతి గుడికీ రాముడో పాండవులో వచ్చి వెళ్ళినట్టు ఈ చుట్టుపక్కల ప్రతి పాత భవనానికీ వాషింగ్టన్ వచ్చి వెళ్ళాడు. ఆ కథ పుణ్యమా అని భవనం కూల్చకుండా మిగిలింది కాబట్టి నాకు దాని మీద కోపం లేదు.

ఇంజన్ అన్నాను కదా, మోటారు అనుకోకండి. చక్రాల మీద ఒక చెక్క తొట్టి, దాని లోపల పంపు, రెండు పక్కలా పొడుగాటి కడ్డీలు. ఒక పక్కవాళ్ళు కడ్డీని కిందకి నొక్కితే రెండో పక్కది పైకి లేస్తుంది, పిల్లల ఊగుడుబల్లలాగా. లండన్‌లో న్యూషామ్ అనే అతను 1720లలో దీన్ని బాగా మెరుగుపరిచాడు, 1731లో న్యూయార్క్ వాళ్ళు రెండు తెప్పించుకున్నారు. మొదట్లో ఆ తొట్టిలో నీళ్ళు కూడా బకెట్లతోనే పోయాలి. బావి నుంచి ఇంజన్ దాకా జనం రెండు వరసల్లో నిలబడేవారు. ఒక వరసలో నిండు బకెట్లు వెళ్తాయి, రెండో వరసలో ఖాళీవి తిరిగొస్తాయి. ఖాళీ బకెట్ల వరసలో ఆడవాళ్ళూ పిల్లలూ.

ఒకసారి పాత సామాను ప్రదర్శనలో ఇలాంటి పంపు కొట్టే అవకాశం నాకు వచ్చింది. రోజూ జిమ్‌కి వెళ్ళేవాణ్ణి, కొట్టేద్దాం అనుకున్నాను. నిమిషానికి అరవై సార్లు ఆ కడ్డీ దిగాలి. నాలుగో నిమిషానికి భుజాలు మాట వినలేదు. పక్కన ఉన్న పెద్దాయన నవ్వి, "అందుకే బాబూ, ఒక ఇంజన్‌కి నలభై మంది" అన్నాడు. ఈ 'నలభై మంది' అన్న మాట గుర్తుంచుకోండి. మీ చివరి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

డబ్బు కట్టినవాళ్ళకే ఆర్పేవారా అంటే, లేదు. ఇది లండన్ నుంచి వచ్చిన కథ. అక్కడ ఇన్సూరెన్స్ కంపెనీలు సొంత ఫైర్ దళాలని పోషించాయి, ఇళ్ళ గోడల మీద తమ గుర్తు పలకలు కొట్టించాయి. అమెరికాలోనూ గోడల మీద అలాంటి ఇనప, సీసపు పలకలు కనిపిస్తాయి కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటారు. ఇక్కడ ఫైర్ కంపెనీ వేరు, ఇన్సూరెన్స్ కంపెనీ వేరు. పలక ఉన్నా లేకపోయినా ఆర్పేవారు. పక్కిల్లు తగలబడుతుంటే పలక వెతుక్కుంటూ కూర్చుంటే మనిల్లూ మిగలదు కదా. కాకపోతే కొన్ని ఊళ్ళల్లో మొదట నీళ్ళు కొట్టిన కంపెనీకి ఇన్సూరెన్స్ వాళ్ళు బహుమతి ఇచ్చేవారు. ఆ 'మొదట' అన్న మాట తరువాత చాలా గొడవలు తెచ్చింది, దానికి వస్తాను.

మరి జీతం లేకుండా ఎందుకొచ్చారు? చాలామంది దీన్ని సేవ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఆ మాట ఒప్పుదల కాదు. మొదటి తరంవాళ్ళు వ్యాపారులు, ఓడల కెప్టెన్లు, చేతిపనివాళ్ళు. తమ గిడ్డంగులు తగలబడకుండా తామే ఏర్పాటు చేసుకున్నారు. అంటే అది వాళ్ళకి ఒక రకం ఇన్సూరెన్స్. దానితోపాటు నెలనెలా సమావేశం, భోజనం, కబుర్లు, ఊళ్ళో పలుకుబడి. రెండో మూడో తరానికి వచ్చేసరికి కుర్రాళ్ళు చేరారు. వాళ్ళకి యూనిఫాం, ఊరేగింపు, బ్యాండు, పక్క కంపెనీ మీద పంతం. వినాయక చవితికి వీధికో పందిరి వేసి, "మీదా మాదా పెద్దది" అని పోటీపడే మన యూత్ అసోసియేషన్ల లాంటిదే. నేనే ఎందుకు చేరానో నిజాయితీగా చెప్పాలంటే, ఈ దేశంలో నాకంటూ నలుగురు మనుషులు కావాలనిపించి చేరాను. మంటల సంగతి తరువాత వచ్చింది.

ఈ 'మనవాళ్ళు' అన్న భావానికి రెండో ముఖం కూడా ఉంది. ఎవరిని చేర్చుకోవాలో కంపెనీయే తేల్చేది. 1818లో ఫిలడెల్ఫియాలో నల్లజాతివాళ్ళు తమ సొంత ఫైర్ సంఘం పెట్టుకోబోతే తెల్లవాళ్ళ కంపెనీలు ఏకమై అడ్డుపడ్డాయి. ఊరందరి మంటలూ ఆర్పుతామన్న మాట నిజమే, పక్కన నిలబడి ఆర్పే గౌరవం మాత్రం అందరికీ ఇవ్వలేదు.

అలెగ్జాండ్రియాకి పెద్ద దెబ్బ 1827 జనవరి 18న తగిలింది. గడ్డకట్టే చలి, గాలి. గ్రీన్ అనే చెక్కపనివాడి వర్క్‌షాప్‌లో నిప్పు పుట్టింది. యాభైకి పైగా ఇళ్ళు పోయాయి. రాజధాని వాషింగ్టన్ నగరం నుంచి కూడా ఇంజన్లూ మనుషులూ వచ్చారు. అప్పట్లో ఈ ఊరు రాజధాని జిల్లాలో భాగం, 1847లో మళ్ళీ వర్జీనియాలో కలిసింది. అందుకే నష్టపోయినవాళ్ళకి అమెరికా కాంగ్రెస్ 20,000 డాలర్లు మంజూరు చేసింది. అది కూడా ఊరికే రాలేదు. ప్రజల పన్ను డబ్బు ఇలా దానం చెయ్యడానికి రాజ్యాంగం ఒప్పుకుంటుందా అని సభలో గట్టి వాదనే జరిగింది.

ఎంతమంది మనుషులున్నా నీళ్ళు లేకపోతే చేసేదేమీ లేదు. బావుల మీదా నది మీదా ఆధారపడినన్నాళ్ళూ ఇదే పరిస్థితి. క్వేకర్లనే క్రైస్తవ శాఖకి చెందిన బడిపంతులు బెంజమిన్ హాలోవెల్ ముందుండి 1850లో అలెగ్జాండ్రియా వాటర్ కంపెనీ పెట్టించాడు. 1852 కల్లా ఊరికి గొట్టాల్లో నీళ్ళు వచ్చాయి. నన్నడిగితే ఈ ఊళ్ళో మంటలకి వ్యతిరేకంగా జరిగిన అసలు పని ఇదే. కానీ హాలోవెల్ పేరు ఎవరికీ గుర్తుండదు, వాషింగ్టన్ కొనని ఇంజన్ అందరికీ గుర్తుంటుంది. మంటలార్పడానికి వీధి పక్కన పెట్టే నీళ్ళ కుళాయిని, అంటే ఫైర్ హైడ్రంట్‌ని, ఇక్కడి పాతవాళ్ళు ఇప్పటికీ 'ఫైర్ ప్లగ్' అంటారు. ఫిలడెల్ఫియా, న్యూయార్క్ లాంటి ఊళ్ళల్లో మొదట నీటి గొట్టాలంటే తొలిచిన చెట్టు మానులే. నిప్పు అంటుకుంటే రోడ్డు తవ్వి, మానుకి రంధ్రం పెట్టి నీళ్ళు తీసుకుని, అయిపోయాక చెక్క బిరడా కొట్టేవారు. ఆ బిరడాయే ప్లగ్.

గొట్టం నీళ్ళు వచ్చాక బకెట్ల వరస పోయి హోస్, అంటే మంట మీదకి నీళ్ళు చిమ్మే పొడుగాటి తోలు గొట్టం, వచ్చింది. మొదట్లో హోస్ తోలుని దారంతో కుట్టేవారు, ఒత్తిడికి కుట్లు విడిపోయేవి. ఫిలడెల్ఫియాలో రాగి రివెట్లు కొట్టిన తోలు హోస్ తయారుచేశాక అది కాస్త నమ్మకమైన వస్తువైంది. మీరు చూసిన భవనంలో కింది అంతస్తులో రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి 1851లో బాల్టిమోర్‌లో రోడ్జర్స్ తయారుచేసిన ఇంజన్, అది నీళ్ళని తనే పీల్చుకుంటుంది. రెండోది 1858లో ఈ ఊళ్ళోనే ప్రెటీమన్ చేసిన హోస్ బండి. ఆ హోస్ బండి మీద రంగులూ నగిషీలూ చూస్తే ఇది మంటల్లోకి తీసుకెళ్ళే సామానా, పెళ్ళి ఊరేగింపు పల్లకీయా అనిపిస్తుంది. నిజానికి రెండూనూ.

మీరు చూసిన భవనం కట్టింది 1855లో. అదే ఏడాది నవంబర్ 16 రాత్రి కింగ్ స్ట్రీట్‌లో డౌవెల్ అనే అతని పింగాణీ సామాను కొట్టు అంటుకుంది. ఆర్పుతుండగా గోడ కూలింది. ఏడుగురు వాలంటీర్లు చనిపోయారు. అప్పటి ఊరంతా కలిపి ఓ పదివేల మంది. ఏడుగురంటే ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరికి చుట్టమో స్నేహితుడో అయ్యుంటాడు. ఐవీ హిల్ శ్మశానంలో వాళ్ళ స్మారక స్తంభం ఉంది. మా బ్యాచ్ ట్రైనింగ్ అయిపోయాక మా కెప్టెన్ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "గోడకి దాని ఎత్తు కంటే ఒకటిన్నర రెట్లు దూరంగా నిలబడండి" అన్నాడు, అంతే.

ఇక ఎందుకు ఆగిపోయిందో చూద్దాం. పెద్ద ఊళ్ళల్లో కారణం పంతాలు. మొదట నీళ్ళు కొట్టినవాళ్ళకే పేరు కాబట్టి, హైడ్రంట్ ఆక్రమించుకోవడం కోసం వీధుల్లో తన్నుకునేవారు. బాల్టిమోర్‌లో 'ప్లగ్ అగ్లీస్' అనే రౌడీ మూక ఒక ఫైర్ కంపెనీ చుట్టూ పుట్టిందే, ఎన్నికల్లో తలలు పగలగొట్టేది. ఇల్లు తగలబడుతుంటే ఆర్పేవాళ్ళు కొట్టుకుంటుంటే ఊరివాళ్ళు ఎన్నాళ్ళు ఊరుకుంటారు? ఆవిరి ఇంజన్ సరిగ్గా అప్పుడే వచ్చింది. సిన్సినాటి 1853లో ఆవిరి ఇంజన్‌తో, జీతాలిచ్చే దళంతో మొదలుపెట్టింది. బాల్టిమోర్ 1859లో, న్యూయార్క్ 1865లో, ఫిలడెల్ఫియా 1871లో అదే దారి పట్టాయి.

నలభై మంది గుర్తున్నారా? ఆవిరి ఇంజన్‌కి వాళ్ళు అక్కర్లేదు. పదిమందిలోపు చాలు. కానీ ఆ కొద్దిమందీ అన్నివేళలా అక్కడే ఉండాలి. బాయిలర్ చూసేవాడు కావాలి, గుర్రాలకి మేత కావాలి, వాటిని చూసుకునేవాడు కావాలి. గుర్రం వాలంటీరుగా పనిచెయ్యదు. కాబట్టి జీతాలు వచ్చాయి. సేవాభావం చచ్చిపోయి వాలంటీర్లు పోలేదండీ, నలభై మంది చేతుల పని ఒక బాయిలర్ చెయ్యడం మొదలుపెట్టాక పోయారు.

అలెగ్జాండ్రియాకి మధ్యలో అంతర్యుద్ధం కూడా అడ్డొచ్చింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. 1861 మే 24 తెల్లవారుజామున ఈ ఊరిని ఆక్రమించుకున్న ఉత్తరాది సైన్యంలో 11వ న్యూయార్క్ దళం ఒకటి. దాన్ని 'ఫైర్ జువావ్స్' అనేవారు, ఎందుకంటే అందులో ఉన్నవాళ్ళు న్యూయార్క్ వాలంటీర్ ఫైర్‌మెన్. రెండు వారాల ముందు వాషింగ్టన్‌లో విల్లర్డ్ హోటల్ పక్క భవనం అంటుకుంటే, ఆర్పింది వీళ్ళే. వాళ్ళ నాయకుడు, ఇరవై నాలుగేళ్ళ ఎల్స్‌వర్త్, ఆ ఉదయం ఇక్కడ మార్షల్ హౌస్ హోటల్ పైనున్న దక్షిణాది తిరుగుబాటు జెండా దించి మెట్లు దిగుతుంటే హోటల్ యజమాని జాక్సన్ కాల్చి చంపాడు. జాక్సన్‌నీ అక్కడికక్కడే కాల్చేశారు. అదే రోజు అలెగ్జాండ్రియా కుర్రాళ్ళు దక్షిణాది సైన్యంలో చేరడానికి రైలెక్కి వెళ్ళిపోయారు. ఊరు నాలుగేళ్ళు సైనిక స్థావరంగా ఉండిపోయింది.

యుద్ధం అయ్యాక ఆవిరి ఇంజన్ ఈ ఊరికీ వచ్చింది. 1871 మేలో సిటీ హాల్, మార్కెట్ కాలిపోయాయి. అందులో ఉన్న ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం వాళ్ళ మ్యూజియంలో వాషింగ్టన్ వస్తువులు కూడా చాలా పోయాయి. ఆయన పేరు చెప్పుకుని బతికిన ఫైర్ కంపెనీ ఉన్న ఊళ్ళోనే ఆయన సామాను కాలిపోవడం, ఏమంటాం! ఫ్రెండ్‌షిప్ భవనాన్ని అదే ఏడాది కొత్త ముస్తాబు చేశారు. అప్పటికే వాళ్ళ అసలు పని తగ్గింది, వేషధారణ పెరిగింది. కొలంబియా కంపెనీ 1883లో సెయింట్ అసాఫ్ స్ట్రీట్‌లో కట్టుకున్న స్టేషన్ భవనం ఇంకా నిలబడే ఉంది, తరువాతి కాలంలో రెస్టారెంట్ అయింది. ఫ్రెండ్‌షిప్ వాళ్ళు మాత్రం సంఘంగా మిగిలి, ఇప్పటికీ ఫిబ్రవరిలో వాషింగ్టన్ పుట్టినరోజు ఊరేగింపులో నడుస్తారు.

ఇప్పుడు అలెగ్జాండ్రియా సిటీలో జీతాల దళమే. కానీ వాలంటీర్లు మాయమైపోయారనుకోకండి. 2020 లెక్కల ప్రకారం అమెరికాలో ఉన్న సుమారు 10 లక్షల 40 వేల మంది ఫైర్‌ఫైటర్లలో 6 లక్షల 77 వేల మంది వాలంటీర్లే. ఎక్కువమంది చిన్న ఊళ్ళల్లో, కొన్ని వేల జనాభా ఉన్నచోట్ల. 1984లో ఆ సంఖ్య దాదాపు 9 లక్షలు. తగ్గడానికి కారణం ఇప్పుడు కూడా మనసు లేకపోవడం కాదు. సర్టిఫికెట్ కోసం నెలల తరబడి సాయంత్రాలూ శనివారాలూ ట్రైనింగ్‌కి పోతాయి. ఉద్యోగం ఊరికి నలభై మైళ్ళ దూరం. వచ్చే కాల్స్‌లో నిప్పు కంటే గుండెనొప్పులూ కారు ప్రమాదాలే ఎక్కువ. మా లౌడన్ కౌంటీలో జీతగాళ్ళూ వాలంటీర్లూ కలిసే పనిచేస్తారు. యాష్‌బర్న్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు అన్ని వేలమంది ఉన్నాం కదా, మీ అల్లుడికి ఆసక్తి ఉంటే దగ్గరి స్టేషన్‌కి వెళ్ళి తలుపు తట్టమనండి. మంటల్లోకి వెళ్ళకపోయినా ఫర్వాలేదు, లెక్కలు చూసేవాళ్ళు, చందాల కోసం చికెన్ బార్బెక్యూ దగ్గర నిలబడేవాళ్ళు కూడా కావాలి.

ఇంకొక్క మాట. మీరు బయట నుంచే చూసి వచ్చేసినట్టున్నారు. ఆ మ్యూజియం తెరిచే రోజులు తక్కువ, ముందు కనుక్కుని మళ్ళీ వెళ్ళండి. పై అంతస్తులో సమావేశం గది ఉంది. ఊరేగింపు దుస్తులు, జెండాలు అక్కడే పెట్టారు. ముందు కింద ఇంజన్ కడ్డీలు చూసి, తరువాత పైకెక్కి ఆ దుస్తులు చూడండి. జీతం లేకుండా ఎందుకొచ్చారన్న మీ ప్రశ్నకి నాకంటే ఆ గదే బాగా జవాబు చెప్తుంది.